పొట్టు లేని గుళిక

మా పాలగెడ్డ బాలికల గురుకులం వంటశాలకు పెల్లెట్ పొయ్యి వచ్చిన ఏడాదే నేను జల్లెడకు నోడల్ అధికారినయ్యాను. అంతకు ముందు పదకొండేళ్లుగా నేనక్కడ జూనియర్ అసిస్టెంటుని. హాజరు పట్టీలు చూసుకోవడం, సెలవు చీటీలు దాచడం, కొండ దిగి టపా తేవడం, ఇంతే నా పని. జల్లెడ గురించి నాకేమీ తెలియదు. తెలియదని రాసిచ్చాను కూడా. "తెలియకపోవుట నిష్పాక్షికతకు నిదర్శనము" అని పైనుంచి జవాబొచ్చింది.

మొదటినుంచీ చెబుతాను.

మా గురుకులం ఘాటీ పైన ఉంటుంది. వానలు మొదలయితే గ్యాస్ లారీని చెక్‌పోస్టు దాటనివ్వరు. నాలుగు నెలలు గ్యాస్ లేదు. కట్టెలు కొడదామంటే అడవి శాఖవాళ్లు ఒప్పుకోరు, వాళ్లు ఒప్పుకున్నా తడిసిన కట్టె ఒప్పుకోదు. రెండువందల పన్నెండు మంది పిల్లలకు మూడు పూటలా వండాలి. అందుకని ప్రభుత్వం మాకొక పెల్లెట్ పొయ్యి ఇచ్చింది. పెద్ద స్టీలు పెట్టె, పైన గరాటు లాంటి తొట్టి, కింద గాలి కొట్టే ఫ్యాను. కోత మిల్లుల్లో మిగిలిపోయే రంపపు పొట్టును గట్టిగా ఒత్తి, చిటికెన వేలంత లావున చేసిన ముక్కలే పెల్లెట్లు. కాగితాల మీద వాటిని ఇంధన గుళికలు అంటారు. మా వంటమనిషి అసిరమ్మ మాత్రం "పొయ్యి మాత్రలు" అంటుంది.

అసిరమ్మ శ్రీకాకుళం వైపు మనిషి. యాభై దాటాయి. కాంట్రాక్టు ఉద్యోగం, ఏటేటా కొత్త ఉత్తర్వు రావాలి. ఆమె వండితే పిల్లలు కాకరకాయ కూడా వదలరు.

పొయ్యి వచ్చిన కొత్తలో నాలుగు రోజులు బాగా మండింది. ఐదో రోజు పొగ కక్కి ఆరిపోయింది. కంపెనీ మెకానిక్ ఫోన్లో "వోల్టేజీ" అన్నాడు. అసిరమ్మ మాత్రం తొట్టిలో చెయ్యిపెట్టి చూసింది. బస్తాలు ఘాటీ మలుపుల్లో కుదుపులు తిని వస్తాయి కదా, పెల్లెట్లు ఒకదానికొకటి రాసుకుని అడుగున కాస్త పొట్టు రాలుతోంది. ఆ పొట్టు గాలి రంధ్రాలకు అడ్డం పడుతోంది. మర్నాటినుంచి ఆమె పెల్లెట్లను ఒకసారి జల్లించి పోయడం మొదలుపెట్టింది. రెండు నిమిషాల పని. పొయ్యి మళ్లీ ఆరలేదు.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ ఆ వారమే ప్రాంతీయ సంచాలకులు కూర్మనాథ్ గారు తనిఖీకి వచ్చారు.

కూర్మనాథ్ గారు ఉత్సాహవంతులు. ఆయన కింద నలభై ఒక్క వసతి గృహాలున్నాయి. చేతులు కడుక్కునే ముందు సబ్బును కడగాలని అంతకు ముందటేడు ఉద్యమం నడిపి, దాని మీద ఢిల్లీలో ప్రసంగించి వచ్చారు. ఆయన వంటశాలలోకి వచ్చేసరికి అసిరమ్మ గుమ్మంలో కూర్చుని జల్లిస్తోంది.

"ఏం చేస్తున్నావమ్మా?" అని అడిగారు.

"పొట్టు తీసేస్తన్నానండి బాబూ. పొట్టుంటే పొయ్యి మండదండి."

ఆయన ఆగిపోయారు. వెనకాల వస్తున్న మా ప్రిన్సిపాల్ హేమలత మేడం ఆయనకు తగిలారు. మేడం వెనకాల నేను మేడానికి తగిలాను.

"మళ్లీ చెప్పు," అన్నారు ఆయన.

"పొట్టుంటే పొయ్యి మండదండి."

"చూశారా మేడం? ఎంత మౌలికమైన సత్యం! మన ఇంధన వైఫల్యాలన్నిటికీ మూలం పొట్టు. దీన్ని ఇన్నాళ్లూ ఎవరూ సమగ్రంగా పరిశీలించలేదు."

మేడం అవునన్నారు. అసిరమ్మకు అప్పటికప్పుడు శాలువా కప్పారు. శాలువా లేకపోతే మేడం తన శాలువా తీసి ఇచ్చారు. అది మళ్లీ తిరిగి రాలేదు.

పదిరోజుల్లో సర్క్యులర్ వచ్చింది. "విషయము: ఇంధన గుళికల యందలి రంపపు పొట్టు – తొలగింపు – ఉత్తర్వులు జారీ – గురించి." సదరు గుళికలను దహనము గావించుటకు పూర్వము వాటియందలి పొట్టును తప్పనిసరిగా తొలగించవలెననియు, తొలగించిన పొట్టును దహనము గావించుట క్రమశిక్షణా చర్యకు దారితీయుననియు అందులో ఉంది. తొలగించిన పొట్టును భద్రపరచాలట. ప్రతి వసతి గృహంలో జల్లెడకు ఒక నోడల్ అధికారి ఉండాలట. అలా నా పేరు వెళ్లింది.

దానితోపాటు పొట్టు నిర్మూలన వారోత్సవాలు కూడా వచ్చాయి. పిల్లలు వానలో గొడుగులతో ర్యాలీ తీశారు. ఊళ్లోవాళ్లు అరుగులమీద నిలబడి చూశారు. గొడుగులు పట్టుకున్న చేత్తో ప్రతిజ్ఞ చేయడం కుదరక, ఎడమచేయి చాపి చేశారు. "నేను నా వంటశాలయందు పొట్టుకు తావివ్వను. పొట్టు తొలగింపును నా నిత్యజీవితంలో భాగంగా చేసుకుంటాను" అని నేను చెబితే వాళ్లు చెప్పారు. తొమ్మిదో తరగతి పిల్లలు వ్యాసాలు రాశారు. మొదటి బహుమతి వచ్చిన వ్యాసం ప్రకారం పొట్టు వల్ల మలేరియా వస్తుంది.

అసిరమ్మ ర్యాలీ చూడలేదు. వంట చేసుకుంటోంది.

"బాబూ, ఈలంతా ఏటి అరుస్తన్నారు?" అని తరవాత నన్నడిగింది.

"నువ్వు చెప్పిందే, అసిరమ్మా. పొట్టుంటే పొయ్యి మండదని."

"ఓలమ్మో! అది ఈలకేల? పొయ్యికాడ ఉండీది నాను కదా."

రెండో నెలలో ప్రామాణిక జల్లెడలు వచ్చాయి. అప్పటిదాకా ఎవరి జల్లెడతో వాళ్లు జల్లిస్తున్నారు. ఫలితాలు పోల్చడానికి వీలు కావడం లేదని పైన ఒక కమిటీ వేశారు. కంతలు ఎంత ఉండాలన్నది వాళ్లు మూడు సమావేశాల్లో చర్చించారట. కంత చిన్నదయితే పెద్ద పొట్టు తప్పించుకునే ప్రమాదం ఉందని ఒక సభ్యుడు హెచ్చరించాడట. అందుచేత ఎంతటి పొట్టయినా తప్పించుకోకుండా కంతలు ఒక్కొక్కటి అంగుళం వెడల్పున పెట్టించారు.

జల్లెడ తళతళ మెరుస్తోంది. వెనక నంబరు కూడా కొట్టి ఉంది. అసిరమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి, కంతల్లోంచి నా మొహం చూసింది.

"బాబూ, ఇందల్లోంచి మాత్రలు కూడా పడిపోతాయి కదా?"

"ప్రామాణికం అన్నారు."

ఆమె ఒక చేట పెల్లెట్లు పోసింది. జల్లెడ కదిపే పని కూడా లేకుండా అన్నీ జలజలా కిందకి దిగిపోయాయి. పైన ఒక చిన్న ముక్క మిగిలింది. అది పెల్లెట్ కాదు, బస్తా కుట్టిన పురికొస.

నేను సర్క్యులర్ తీసి చదివాను. మూడో పేరాలో స్పష్టంగా ఉంది: "జల్లెడ క్రిందికి దిగిన పదార్థమును పొట్టుగా పరిగణించవలెను." పరిగణించక తప్పలేదు. ఆ రోజు మా గురుకులం నివేదికలో "తొలగించిన పొట్టు: నూటికి నూరు" అని రాసి పంపాను. ఆ తరవాత అసిరమ్మ ఆ పెల్లెట్లను నేను కిటికీలోంచి వాన చూస్తుండగా పొయ్యిలో పోసి అన్నం వండింది. వాన బాగానే కురిసింది. నేను చాలాసేపు చూశాను.

నలభై ఒక్క వసతి గృహాల్లోనూ నూటికి నూరు తీసింది మేమొక్కళ్లమే. మిగతావాళ్లు ఆ జల్లెడను గోడకు తగిలించి పాతదానితోనే జల్లిస్తున్నారని తరవాత తెలిసింది. మాకు మొదటి బహుమతి వచ్చింది. కాగితాల లెక్కన అంత పొట్టును భద్రంగా నిలవ చేయగలిగినవాళ్లు మేమే గనక, మా స్టోరుగదిని ప్రాంతీయ పొట్టు నిల్వ కేంద్రంగా ప్రకటించారు. శాఖ జీపుల వెనక చిన్న ట్రాలీలు తగిలించి, నలభై చోట్లనుంచి పొట్టు సంచులు ఘాటీ ఎక్కించారు. పిల్లల ట్రంకుపెట్టెలు వరండాలోకి వచ్చాయి, పొట్టు గదిలోకి వెళ్లింది.

బహుమతి ఇచ్చాక కూర్మనాథ్ గారికి ఒక అనుమానం వచ్చింది. అంత పొట్టు ఆ గుళికల్లోకి ఎలా వచ్చింది? నమూనా తీయించి పట్నంలో ల్యాబుకి పంపారు. రెండు వారాల్లో నివేదిక వచ్చింది. అది నేను ఇప్పటికీ దాచుకున్నాను.

"నమూనా యందు రంపపు పొట్టు: నూటికి నూరు పాళ్లు. ఇతరములు: లేవు."

ఆయన ఫోన్ చేశారు.

"కల్తీ! పూర్తి కల్తీ! పాలలో నీళ్లు కలిపే వాళ్లను చూశాం. కానీ పాలే లేకుండా నీళ్లు అమ్మిన వాళ్లను చూడలేదు. ఈ గుళికల్లో పొట్టు తప్ప ఇంకేమీ లేదండీ!"

"సార్, గుళికలు చేసేదే..." అన్నాను.

"మీరు ఉద్వేగపడకండి. శాఖ చూసుకుంటుంది."

పెల్లెట్లు తయారుచేసే ఫ్యాక్టరీకి సంజాయిషీ నోటీసు వెళ్లింది. యజమాని వీర్రాజు అనే ఆయన. తెల్లకాగితం మీద సొంత దస్తూరీతో జవాబు రాశాడు. "అయ్యా, మేము రంపపు పొట్టునే ఒత్తి పెల్లెట్లు చేస్తాము. అందులో పొట్టు తీసేస్తే మా దగ్గర మిగిలేది గేటు మీద బోర్డు ఒక్కటే. తమరు ఒకసారి వచ్చి చూడగలరు." దాని మీద పైనుంచి పెట్టిన వ్రాత: "సంస్థ నేరమును అంగీకరించినది. తగు చర్య నిమిత్తము."

ఆ తగు చర్య సోమవారం ఉదయం వచ్చింది. ఫ్యాక్టరీ మూసేయాలి. పొట్టు రహిత గుళికలు అందుబాటులోకి వచ్చేవరకు పెల్లెట్ పొయ్యిలన్నిటికీ సీలు వేయాలి. మొదట మాది, ఎందుకంటే ఆదర్శ వంటశాల మాదే. ఇద్దరు మనుషులొచ్చి పొయ్యికి తెల్లగుడ్డ చుట్టి లక్క కరిగించి ముద్ర కొట్టారు. లక్క కరిగించడానికి అసిరమ్మను నిప్పడిగారు. ఆమె వాళ్ల వంక చూసి, గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయింది. వాళ్లే అగ్గిపెట్టె తెచ్చుకున్నారు.

"మరి పిల్లల భోజనం?" అని మేడం అడిగారు.

"జతచేసిన అనుబంధం చూడండి, మేడం. మంట అవసరం లేని పౌష్టికాహారం," అన్నాడు ముద్ర కొట్టినాయన.

అనుబంధంలో అటుకులు, అరటిపళ్లు, పెరుగు ఉన్నాయి. మొదటిరోజు పిల్లలు సరదాగానే తిన్నారు. రెండోరోజు వాన ఇంకా పెరిగింది. కొండమీద వానంటే దుప్పటి కప్పుకున్నా పళ్లు కొట్టుకుంటాయి. నానబెట్టిన అటుకులు చల్లగా ముద్దగా కంచంలో పడితే చిన్న తరగతుల పిల్లలు వేలితో అటూ ఇటూ తోసి లేచిపోయారు. ముగ్గురికి జ్వరం తగిలింది. ఆరో తరగతి పిల్ల ఒకతి, సీదరి చిలకమ్మ, నా గదికి వచ్చి, "సార్, మా ఊరికి కబురెట్టండి సార్, మా అమ్మ గెంజి కాసి తెస్తాది" అంది. వాళ్ల ఊరు పద్నాలుగు కిలోమీటర్లు. దారిలో గెడ్డ పొంగుతోంది.

వెళ్లి దుప్పటి కప్పుకో అన్నాను. ఆ తరవాత బల్లమీదున్న సర్క్యులర్లన్నీ తేదీలవారీగా సర్దాను. సర్దినా మనసు కుదుటపడలేదు.

మూడోరోజు పొద్దున్నే అసిరమ్మ వచ్చి చెయ్యి చాపింది.

"బాబూ, ఆ గది తాళం ఇవ్వండి."

"ఏ గది?"

"పొట్టు గది."

"అసిరమ్మా, తొలగించిన పొట్టును దహనం గావించుట..."

"పిల్లగుంటలకి గెంజి కాసుకోవాల. మీరు ఇయ్యకపోతే తలుపు ఇరగ్గొడతాను. ఇరగ్గొట్టిన తలుపు మీద మళ్లీ మీరే ఏదో రాసుకోవాల."

తాళం బల్లమీద పెట్టి నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. ఇవ్వలేదు, పెట్టాను. ఈ రెంటికీ తేడా ఉందని నాకు నేను చెప్పుకున్నాను.

అసిరమ్మ మొగుడు బతికుండగా కోత మిల్లులో పనిచేసేవాడట. ఆ మిల్లు పక్కన కాపరం చేసినన్నాళ్లూ ఆమె వండింది పొట్టు పొయ్యి మీదే. ఇప్పుడూ అలాగే ఖాళీ నూనె డబ్బా తీసుకుని పక్కన అడుగున ఒక కంత కొట్టింది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, పక్క కంతలోంచి సీసా అడుగుదాకా ఒక కర్ర దూర్చింది. చుట్టూ పొట్టు పోసి కాలితో తొక్కి, పిడికిలితో గుద్ది గట్టిగా కూరింది. సీసా, కర్ర మెల్లగా లాగేసింది. లోపల చక్కటి గొట్టం మిగిలింది. అడుగునుంచి నిప్పు అంటించింది. పొగ లేదు, చప్పుడు లేదు. మూడు గంటలు ఒకే సెగన మండింది. అలాంటివి తొమ్మిది డబ్బాలు వరసగా పెట్టింది.

ఆ మధ్యాహ్నం పిల్లలు గంజి, ఉప్పు, ఊరగాయ తిన్నారు. చిలకమ్మ మూడు గిన్నెలు తాగింది. హేమలత మేడం వచ్చి, డబ్బాలు చూసి, "ఇదేమిటో నాకు తెలియదు" అని అందరికీ వినపడేలా చెప్పి, తనకూ ఒక గిన్నె పోయమన్నారు.

పొట్టు పొయ్యికి పొగ ఉండదు గానీ అన్నానికి వాసన ఉంటుంది. సీలు చెక్కుచెదరలేదని చూడడానికి వచ్చిన మనిషికి ఆ వాసన తగిలింది. రెండురోజుల్లో అసిరమ్మకు కాగితం వచ్చింది. నిషేధిత పదార్థమును దహనము గావించి, తద్వారా విద్యార్థినులకు వేడి అన్నము పెట్టిన నేరమునకు గాను ఆమెను నెలాఖరునుంచి విధులనుంచి ఏల తొలగించరాదో మూడు రోజుల్లో తెలుపవలెను.

నేను చదివి వినిపించాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"వేడన్నం పెట్టడం నేరమేటి బాబూ?"

"అలా రాశారు."

"అయితే చేసినానని రాసీండి." కొంగు నడుముకు దోపుకుని, "పదారేళ్లయ్యింది బాబూ ఈ బడి పొయ్యికాడ. ఎలిపోమంటే ఎక్కడికెల్తాను?" అంది.

ఆమె గొంతు అలా నేనెప్పుడూ వినలేదు. ఆ జవాబు నేను రాయలేదు. గడువు రేపనగా, ఆ రోజంతా తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

మర్నాడే కమిషనర్ గారు వస్తున్నారని కబురు. పొట్టు రహిత గుళిక సిద్ధమైంది, దాన్ని మొట్టమొదట మా వంటశాలలోనే వెలిగిస్తారు.

కమిషనర్ గారు మధ్యవయసు ఆవిడ. నాలుగు గంటల ఘాటీ ప్రయాణంలో సగం తడిసి, శాలువా చుట్టుకుని దిగారు. వంటశాలంతా బంతిపూలు. కూర్మనాథ్ గారు కొత్త కోటు వేసుకున్నారు. పొయ్యి సీలు విప్పారు. బల్లమీద రిబ్బను కట్టిన బస్తా ఉంది.

"మేడం, గుళికలోని పొట్టును పూర్తిగా తొలగించడంలో మన ల్యాబ్ విజయం సాధించింది. ఒక్కో గుళికలో తొలుత పది పాళ్లు తీశారు. తరవాత యాభై. నిన్నటికి నూటికి నూరు తీశారు. ఇది దేశంలోనే తొలి పొట్టు రహిత గుళిక," అన్నారు ఆయన.

రిబ్బను కత్తిరించారు. బస్తా మూతి విప్పారు. అందరం ఒంగి చూశాం. లోపల బస్తా అడుగు కనిపించింది.

"చూశారా, ఒక్క రేణువు లేదు!" అన్నారు కూర్మనాథ్ గారు. చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

బస్తా ఎత్తడానికి నిబంధనల ప్రకారం ఇద్దరుండాలి. ఇద్దరు ముందుకొచ్చి, మోకాళ్లు వంచి, దాన్ని భుజాలమీదికి ఎత్తి తొట్టిలో గుమ్మరించారు. ఒకాయన తొట్టిని తట్టాడు, లోపల ఏమైనా అడ్డం పడిందేమోనని. ఫ్యాను వేశారు. పొయ్యిలోంచి చల్లటి గాలి రివ్వున వచ్చి మా మొహాలకు తగిలింది. కమిషనర్ గారు శాలువా ఇంకో చుట్టు చుట్టుకున్నారు.

పరికరాలు పట్టుకుని కుర్చీలో కూర్చున్న ఆయన కొలతలు చదివాడు. "పొగ: సున్నా. బూడిద: సున్నా. పొట్టు: సున్నా."

"అంతర్జాతీయ ప్రమాణాలను కూడా దాటేశాం, మేడం," అన్నారు కూర్మనాథ్ గారు.

పొయ్యిమీద గిన్నెలో ఎసరు అలాగే ఉంది. కమిషనర్ గారు అందులో వేలుపెట్టి చూశారు.

"అన్నం ఎప్పుడు ఉడుకుతుందండీ?"

"ఉడుకుట ఆహార విభాగం పరిధిలోకి వస్తుంది, మేడం. మాది ఇంధనం."

"సరే. ముందు నాకు టీ ఇప్పించండి. వణుకు పుడుతోంది."

ఎవరూ కదల్లేదు. ఆ కొండమీద మంట అన్నది నిషేధం. కూర్మనాథ్ గారు మా ప్రిన్సిపాల్ వంక చూశారు. ప్రిన్సిపాల్ నా వంక చూశారు. నేను కిటికీ వంక చూశాను.

ఇంతలో పెరటి తలుపు తీసుకుని అసిరమ్మ వచ్చింది. చేతిలో పళ్లెం, పళ్లెంలో ఆవిర్లు కక్కుతున్న గ్లాసులు. అల్లం వాసన గదంతా నిండింది.

"తాగండమ్మా. ఒణికిపోతన్నారు."

కమిషనర్ గారు గ్లాసును రెండు చేతులా పట్టుకున్నారు. ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నారు. సగమయ్యాక కళ్లు తెరిచి, "ఇది దేనిమీద కాచావమ్మా?" అని అడిగారు.

అసిరమ్మకు అబద్ధం చెప్పడం రాదు.

"పొట్టు మీదండి. బాబులు తీసీమన్నారు కదండి, ఆ తీసీసిన పొట్టు."

ఆవిడ లేచి పెరట్లోకి నడిచారు. వెనకే అందరం వెళ్లాం. తొమ్మిది డబ్బాలు వరసగా, ఎర్రగా, నిశ్శబ్దంగా మండుతున్నాయి. ఒకదానిమీద అన్నం కుతకుతలాడుతోంది, ఒకదానిమీద సాంబారు. కమిషనర్ గారు డబ్బా దగ్గర అరచేతులు చాపి వెచ్చబెట్టుకున్నారు.

"పొట్టా ఇది? పొగే లేదే! కూర్మనాథ్ గారూ, ఏమిటిది?"

అందరం ఆయన మొహం చూశాం. ఆ మొహంలో రంగు ఒక్క క్షణం పోయింది, మళ్లీ వచ్చింది. కోటు సర్దుకున్నారు.

"ఇది మా పథకంలో రెండో దశ, మేడం," అన్నారు.

"రెండో దశా? నాకెవరూ చెప్పలేదే!"

"మొదటి దశలో పొట్టును వేరుచేసి సేకరించాం. రెండో దశలో దాన్ని ఇంధనంగా వినియోగిస్తున్నాం. ఈవిడ మా క్షేత్రస్థాయి పరిశోధకురాలు."

అసిరమ్మ నా దగ్గరికి జరిగి, "నన్నేటంటన్నారు బాబూ?" అని చెవిలో అడిగింది.

"నువ్వు ఎక్కడికీ వెళ్లక్కర్లేదంటున్నారు," అన్నాను.

ఆమె అక్కడే, డబ్బాల పక్కన చతికిలబడి కూర్చుంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పొగ లేదు గనక పొగని సాకు చెప్పుకోవడానికి కూడా వీల్లేకపోయింది. హేమలత మేడం వచ్చి ఆమె భుజంమీద చెయ్యివేశారు.

వారం తిరక్కుండా ఉత్తర్వులొచ్చాయి. సంజాయిషీ కాగితం రద్దయింది. ఆమె నేరం చేసిన రోజులను పరిశోధనా కాలముగా పరిగణించారు. వీర్రాజు గారి ఫ్యాక్టరీ మళ్లీ తెరిచారు. ఆయన నేరాన్ని క్షమించి, ఇకమీదట కూడా అదే నేరం చేయడానికి అనుమతించారు. పొయ్యిల సీళ్లు విప్పారు. నలభై వంటశాలల నుంచి వంటవాళ్లు వచ్చి మా పెరట్లో అసిరమ్మ దగ్గర డబ్బాలు కూరడం నేర్చుకున్నారు. పూటలో అయిపోయింది. శిక్షణ మూడు రోజులని ఉండడంతో మిగిలిన రెండున్నర రోజులూ పిల్లలకు జంతికలు వండిపెట్టి వెళ్లారు.

మొదటి దశ మాత్రం రద్దు కాలేదు. అది కూర్మనాథ్ గారి మొదటి దశ. రెండో దశకు విడిగా ఇంకో విభాగం పెట్టారు. ఆ విభాగంనుంచి మొదటి సర్క్యులర్ కిందటి నెల వచ్చింది. "విషయము: రంపపు పొట్టు యందలి ఇంధన గుళికలు – తొలగింపు – ఉత్తర్వులు జారీ – గురించి." నిల్వ పొట్టులో అక్కడక్కడా గుళికలు కలిసి ఉన్నట్లు శాఖ దృష్టికి వచ్చినదనియు, పొట్టును దహనము గావించుటకు పూర్వము వాటిని తప్పనిసరిగా తొలగించవలెననియు ఉంది. అంటే పాత విభాగం పెల్లెట్లలోంచి పొట్టు తీయమంటుంది, కొత్త విభాగం పొట్టులోంచి పెల్లెట్లు తీయమంటుంది. రెండింటికీ విడివిడిగా నివేదికలు పంపాలి. రెండింటికీ నోడల్ అధికారిని నేనే.

కాగితాలు రెండూ పట్టుకుని వంటశాలకు వెళ్లి చదివాను. అసిరమ్మ ముందు నవ్వింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, తన పాత జల్లెడ తీసింది. ఒక చేట పెల్లెట్లు పోసి నాలుగుసార్లు కదిపింది.

"ఇదిగో బాబూ. పైనున్నవి పెద్ద పొయ్యికి. కిందున్నది డబ్బాలకి. దీన్లోంచి అదీ పోయింది, దాన్లోంచి ఇదీ పోయింది. రెండు కాయితాలకీ సరిపోద్ది కదా?"

సరిపోతుంది. నేను రెండుసార్లు చదివి చూసుకున్నాను, సరిపోతుంది. ఆ ఒక్క జల్లింపునూ రెండు నివేదికల్లోనూ వేర్వేరు పనులుగా చూపించాను. రెండు విభాగాల్లోనూ మాకే మొదటి బహుమతి వచ్చింది.

బహుమతులు ఇవ్వడానికి కూర్మనాథ్ గారే వచ్చారు. వంటశాల గుమ్మంలో నిలబడి, అసిరమ్మ జల్లించడం శ్రద్ధగా చూశారు.

"రెండు విభిన్న ప్రక్రియలు ఏకకాలంలో జరుగుతున్నాయి! ఒకే మనిషి! ఒకే పరికరం! దీనిమీద ఒక సమగ్ర అధ్యయనం..." అన్నారు.

అసిరమ్మ జల్లెడ పక్కన పెట్టి లేచింది. ఆయన ముందు పీట వేసింది. విస్తట్లో వేడన్నం, ముద్దపప్పు, చారెడు నెయ్యి, పక్కన వంకాయ కూర వడ్డించింది.

"సల్లారిపోద్ది బాబూ. కూకోండి."

ఆయన కూర్చున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఏదో అనబోయి, రెండో ముద్ద కలుపుకున్నారు. వంకాయ కూర మూడుసార్లు వేయించుకున్నారు. పొగమంచు దిగకముందే ఘాటీ దాటాలని డ్రైవరు తొందరపెడితే చెయ్యి కడుక్కుని లేచారు. సబ్బును ముందు కడగడం కూడా మరిచిపోయారు.

అధ్యయనం గురించి ఇప్పటిదాకా కాగితమేదీ రాలేదు. పిల్లలు ఒంటిగంటకల్లా తింటున్నారు.